రేవు దాటించిన చేతులు

యానాం దగ్గర గోదావరి దాటడం ఇప్పుడొక పని కాదు. కారు వంతెన ఎక్కుతుంది, వెనక సీట్లో పిల్లలు ఫోన్లోంచి తలెత్తేలోగా ఎదుర్లంక వచ్చేస్తుంది. 2002లో ఆ వంతెన వచ్చింది. ఆ ఏడాది మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయిన లోక్‌సభ స్పీకరు బాలయోగిగారి పేరు దానికి పెట్టారు. కోనసీమ గుమ్మానికి కోనసీమ బిడ్డ పేరు, న్యాయమే.

అంతకుముందు అక్కడ పంటు ఉండేది. రెండు పెద్ద పడవల్ని జతచేసి, వాటి మీద అడ్డంగా దూలాలు వేసి, బల్లలు పరిచి బిగించింది. మనుషులు, సైకిళ్లు, పాల క్యాన్లు, మేకలు, గడ్డిమోపులు, ఒక్కోసారి జీపు, అన్నీ ఆ బల్లల మీదే. 1980ల్లో బళ్లకి సెలవులివ్వగానే నేను పిల్లలిద్దర్నీ వెంటేసుకుని కాకినాడ నుంచి మా పుట్టింటికి ఆ పంటు మీదే వెళ్లేదాన్ని. పెద్దాడికి అయిదో ఏడు. చంటిది ఇంకా చంక దిగలేదు. మా ఆయనకి సెలవు దొరికేది కాదు. మమ్మల్ని బస్సెక్కించి, కిటికీలోంచి మరచెంబు అందించి, "రేవులో జాగ్రత్త" అని ఓసారి చెప్పి, బస్సు కదిలాక పక్కనే నడుస్తూ మళ్లీ చెప్పేవారు.

చొల్లంగి, కోరంగి, తాళ్లరేవు మీదుగా ఓ ముప్పై కిలోమీటర్ల దారి. కోరంగి దగ్గర మడ అడవుల వాసన కిటికీలోంచి కొట్టేది. బురదా ఉప్పూ కలిసిన వాసన. పెద్దాడు ముక్కు మూసుకునేవాడు, ఊపిరాడక వదిలేవాడు, మళ్లీ మూసుకునేవాడు. యానాంలో దిగి రేవు దాకా రిక్షా.

ఎండాకాలం వచ్చేసరికి గోదావరి సన్నబడుతుంది. అక్కణ్ణించి సముద్రం ఎంతో దూరం లేదు కాబట్టి రేవులో నీళ్లకి పోటూ పాటూ ఉంటాయి. పోటు మీద వెళితే పంటు గట్టు దాకా వచ్చేది, బల్ల మీంచి నడిచి ఎక్కెయ్యొచ్చు. పాటు మీద వెళ్లామా, నీళ్లున్న చోటే ఆగిపోయేది. మధ్యలో మోకాలి లోతు బురద. బస్సు వేళలకీ గోదారి వేళలకీ పొత్తు కుదరదు గనక మాకు తరచుగా బురదే దక్కేది.

నేను కుచ్చిళ్లు పైకి దోపుకుని, చంటిదాన్నీ పెట్టెనీ ఎలా మొయ్యాలా అని చూస్తుండగానే ఎవరో ఒకరు, "ఇలా ఇచ్చెయ్యండమ్మా పాపని" అనేవారు. ఆ మనిషిది ఏ ఊరో తెలీదు. పేరు అడిగిన గుర్తు లేదు. ఇచ్చేదాన్ని. అతను బురదలో నాలుగడుగులు వేసి, పంటు అంచున బుట్ట పెట్టుకు కూచున్న ఆవిడకి అందించేవాడు. ఆవిడ బుట్టని కాలితో పక్కకి జరిపి పాపని ఒళ్లో వేసుకునేది. పెద్దాడు అప్పటికే ఇంకెవరి భుజాల మీదో ఉండేవాడు. పెట్టె ఒకరి నెత్తిమీద. నేను అందరికన్నా ఆఖర్న, ఖాళీ చేతుల్తో, కాలు జారకుండా చూసుకుంటూ ఎక్కేదాన్ని. ఎక్కాక పిల్లలెక్కడున్నారా అని చూసుకోవాల్సి వచ్చేది. కంగారుగా కాదు. పంటు మీదే ఉంటారు, ఎవరి ఒళ్లోనో ఉంటారు.

ఆ వేసవుల్లోంచి పోయినవాటన్నిట్లోకీ నేను ఎక్కువ తలుచుకునేది ఇదే. పంటు పోయింది, సరే. మరచెంబులు పోయాయి, రిక్షాలు పోయాయి. పసిబిడ్డని ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికివ్వడమూ పోయింది, అడక్కుండా చాచే ఆ చెయ్యీ పోయింది.

ఒక ఏడు పాపని అందుకున్నావిడ రొయ్యలమ్మి తిరిగి వెళుతోంది. ఖాళీ బుట్ట అయినా వాసన ఘాటుగా ఉంది. పాప ఆవిడ ఒళ్లో ఏడుపు లంకించుకుంది. ఆవిడ నన్ను పిలవలేదు. పంటు అంచు మీంచి వంగి, చేతులు నీళ్లలో ముంచి, బల్లకి ఆనించి అరచేతులు రుద్దుకుంది. మళ్లీ ముంచింది. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. సంతృప్తి కలగలేదు కాబోలు, మూడోసారి కడుక్కుంది. అప్పుడు పాప బుగ్గ మీద చెయ్యి వేసింది. పాప ఏడుపు ఆపిందా లేదా నాకు గుర్తు లేదు. ఆ వేళ్లు మాత్రం, ఉప్పునీళ్లలో నాని ముడతలు పడ్డ ఆ వేళ్లు, ఇవాళ చూసినట్టు గుర్తున్నాయి.

పంటు నిండితేగాని కదిలేది కాదు. ఒడ్డున తాటాకు పాకలో టీ కొట్టు, పక్కనే గోనెపట్టా మీద ముంజలు. టీ కొట్టు నడిపే పెద్దావిడే ముంజలూ అమ్మేది. పిల్లలకి ముంజ తినిపించడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పైన గోధుమరంగు పొర గోటితో గిచ్చి తీసేసి, లోపలి నీళ్లు ముందు నోట్లో పడేట్టు బొటనవేలితో చిన్న చిల్లు పెట్టి, అప్పుడు పిల్లాడి పెదాలకి ఆనించాలి. కొరకమని ఇచ్చేస్తే నీళ్లన్నీ చొక్కా మీదే. అలా అరగంటో గంటో గడిచేది. ఆ గంటసేపూ పిల్లాడికి విసుగు పుట్టకుండా ఏదైనా చెయ్యాలన్న ఆలోచన నాకు రాలేదు. వాడికి మేక ఉంది, మోకు చుట్ట ఉంది, గెడ పట్టుకున్న కుర్రాడున్నాడు, ఇంజను పడవ మీద బీడీ కాలుస్తున్న సరంగున్నాడు. సరంగు అన్న మాట మా వాడు చాలాకాలం ఉద్యోగాలన్నిట్లోకీ పెద్ద ఉద్యోగం పేరనుకున్నాడు.

మా మామ్మకి ఈ రేవుతో వేరే లెక్క ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. 1930లో ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో శారదా చట్టం అమల్లోకొచ్చి పసిపిల్లల పెళ్లిళ్లు నేరమయ్యేసరికి, చుట్టుపక్కలవాళ్లు ఆడపిల్లల్ని తీసుకుని ఫ్రెంచి గడ్డ మీదికి వచ్చి తాళి కట్టించేవారు. అలా యానాంకి కల్యాణపురమని పేరొచ్చింది. మా మామ్మ పెళ్లి అలాంటిదే. ఆవిడకప్పుడు ఎనిమిదేళ్లు. "తెల్లారగట్ల నిద్దట్లోనే ఎత్తుకుని పడవెక్కించారే. ఎవరెత్తుకున్నారో తెలీదు. మెలకువొచ్చేసరికి అవతలి గట్టు మీదున్నాను, చేతిలో మిఠాయి పొట్లం ఉంది" అని చెప్పేది. ఆవిడ నవ్వుతూనే చెప్పేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఎత్తుకుని దాటించే చేతులన్నీ బిడ్డ మంచి కోసమే ఎత్తుకోవని ఆ కథతోనే తెలిసింది. అయినా నేను నా పిల్లల్ని అదే రేవులో అపరిచితుల చేతికిస్తూనే ఉన్నాను. మామ్మని దాటించింది అయినవాళ్లే కదా.

ఎదుర్లంక నుంచి అమలాపురం బస్సు. మురమళ్లలో వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం జరుగుతుంది. బస్సులోంచే ఓ దణ్ణం పెట్టుకుని, ఇంకాస్త దూరం పోయాక దిగేవాళ్లం.

పుట్టింటి గుమ్మంలో కాలు పెట్టాక పిల్లలు నా పిల్లలు కారు. చంటిది మా అమ్మ దగ్గర, మా మామ్మ దగ్గర, ఆ వీధిలో ఎదిగిన ఆడపిల్లలందరి చంకల్లో. పెద్దాడైతే ఎక్కడున్నాడో చెప్పడం కష్టం. మధ్యాహ్నం కంచం పెట్టే వేళకి దడి అవతల్నించి "మీవాడు మా ఇంట్లో తినేశాడండోయ్" అని కేక వినపడేది. ఏం తిన్నాడని అడిగేవాళ్లం కాదు. పొద్దున్నే తరవాణి అన్నంలో మాగాయ నంజుకుని పోయేవాడు, చీకటి పడ్డాక మోకాళ్ల మీద కొత్త గీతలతో వచ్చేవాడు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు ఉప్పూకారం అద్దుకుని ఇంటింటా తిని, పళ్లు పులిసి అన్నం నమల్లేక ఏడ్చిన రోజులున్నాయి.

వేసవి మధ్యలో కాలువలు కట్టేసేవారు. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మిగిలినవాళ్ల కోసం చెబుతున్నాను. దాళ్వా పంట చేతికొచ్చాక బొబ్బర్లంక దగ్గర తలుపులు దించేస్తే మా కోనసీమ కాలువలకి నీళ్లు ఆగిపోతాయి. పూడిక తియ్యడం, గట్లు వెయ్యడం, లాకులు బాగుచెయ్యడం అన్నీ ఆ కొద్ది వారాల్లోనే. కట్టేసే లోపల తాగునీటి చెరువులు నింపుకోవాలి. ఆ ఆఖరి రోజుల్లో ఊరు ఊరంతా కాలవలోనే ఉండేది. మా తమ్ముడు మావాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఈదేవాడు. "మావయ్యా, నువ్వు మునిగితే నేనేం చెయ్యాలి" అని వాడు, "నువ్వు తేలు" అని మా తమ్ముడు.

నీళ్లు ఆగిపోయాక కాలవ అడుగున అక్కడక్కడా మడుగులు మిగిలేవి. పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున తువ్వాలు నాలుగు కొసలూ పట్టుకుని మడుగులో దించి, కదలకుండా నిలబడి, చేపపిల్లలు పైకి రాగానే ఒక్కసారి ఎత్తేవారు. ఇద్దరూ ఒకేసారి ఎత్తాలి. ఒకడు తొందరపడితే నీళ్లతోపాటు చేపలూ జారిపోతాయి. మావాడు పట్నం పిల్లాడు, ఎప్పుడూ తొందరే. వాడితో జత కట్టిన పాలేరు కొడుకు ఓపికగా, "ఇంకా, ఇంకా, ఉండు, ఇప్పుడు" అని పలికేవాడు. ఆ కుర్రాడికి ఏడేళ్లుండొచ్చు. మావాడికి లెక్కలు నేర్పిన మాస్టార్లలో కూడా అంత ఓర్పు నేను చూడలేదు.

దింపు రోజు అన్నిటికన్నా పండగ. కాయ దింపే మనిషి తెల్లవారకముందే వచ్చేవాడు, భుజాన తాడు, నడుముకి కత్తి. పిల్లలంతా అరుగు దిగకూడదు. కాళ్లకి బందం వేసుకుని చెట్టు పైకి పాకుతుంటే చంటిది కూడా నోరు తెరుచుకు చూసేది. పైనించి "జరగండోయ్" అన్న కేక, వెంటనే గెలలు దబ్బుదబ్బున నేల మీద. దిగేటప్పుడు పిల్లల కోసం నాలుగు లేత బొండాలు విడిగా కోసుకొచ్చేవాడు. పైభాగం చెక్కి నీళ్లు తాగించి, బొండాన్ని రెండుగా నరికి, పైతొక్కలోంచి చిన్న చెక్క చీల్చి ఇచ్చేవాడు. దాంతో లేత కొబ్బరి గీరుకు తినాలి. ఆ చెక్క చీల్చడంలో ఆయన కత్తి ఒక్కటే వేటు వేసేది, రెండో వేటు నేను చూడలేదు. మొలకొచ్చిన కాయలు దొరికితే పగలగొట్టి లోపలి కొబ్బరి పువ్వు తీసేవాడు. తెల్లగా, మెత్తగా, తియ్యగా. పువ్వు ఒకటే, పిల్లలు ఆరుగురో ఏడుగురో. ఎవరికీ తక్కువ కాకుండా కత్తి మొనతో పంచేవాడు.

ఆకు బూర చెయ్యడం మావాడికి ఆయనే నేర్పాడు. కొబ్బరాకు ఈనె నుంచి చీల్చి, సన్నటి కొస రెండు మడతలు వేసి పట్టుకుని, దాని చుట్టూ ఆకుని ఏటవాలుగా చుట్టుకుంటూ పోవాలి. చుట్టు చుట్టుకీ కొంచెం వెడల్పవుతుంది. చివర ఊడిపోకుండా ఈనె ముక్క గుచ్చాలి. ఊదే కొస పళ్లతో కాస్త నొక్కాలి, ఎక్కువ నొక్కితే పలకదు. ఆ మధ్యాహ్నాలు నిద్ర అన్నది ఎవరికీ లేదు. వీధంతా బూరలే. ఒక్కరైనా తిట్టిన గుర్తు లేదు, మా నాన్నగారు తప్ప. ఆయన కూడా తిట్టి, "ఏదీ ఇలా తే" అని తీసుకుని ఊదారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను ఆ చెట్లని పడగొట్టింది. కోనసీమలో, చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. కొబ్బరితోటలు తోటలుగా పోయాయి. మా దొడ్లో నిలబడినవి నాలుగో అయిదో. మరుసటి వేసవికి వెళ్తే వాకిట్లో ఎప్పుడూ పడని చోట ఎండ పడుతోంది. మంచం ఎక్కడ వాల్చుకోవాలో తెలియక మా అమ్మ దాన్ని పొద్దుతోపాటు జరుపుకుంటూ కూచుంది. మళ్లీ మొక్క నాటి కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. దింపు తీసే ఆయన ఊళ్లో లేడు. ఎక్కడానికి చెట్టు లేక, ఎక్కడో అపార్ట్‌మెంటులో కాపలా పనికి కుదిరాడన్నారు. ఆ పాలేరు కొడుకు అప్పటికే దుబాయి వెళ్లిపోయాడు. నా పిల్లలు చదువుల్లో పడ్డారు, ఆ వేసవికి నాతో రాలేదు.

వంతెన వద్దని నేనెప్పుడూ అనను. రాత్రి పంటు ఉండేది కాదు, గాలి లేస్తే పగలూ ఉండేది కాదు. పురుటినొప్పులొచ్చిన మనిషిని రేవులో పడుకోబెట్టి, అవతలి గట్టుకి లాంతరు ఊపుతూ కేకలేసిన రాత్రులు మా ఊళ్లవాళ్లకి తెలుసు. కాకినాడ ఆసుపత్రికి ఆ గంట ముందే చేరుంటే బతికేవాళ్లని చెప్పుకునే పేర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వంతెన వచ్చాక ఆ పేర్ల జాబితా పెరగడం ఆగింది. దాని ముందు నా జ్ఞాపకం ఎంత.

కానీ జ్ఞాపకం ఉంది కాబట్టి ఒకటి చెప్పాలి. ఈమధ్య సామర్లకోట స్టేషన్లో రైలెక్కుతున్నాను. ముందు ఒక అమ్మాయి, చంకలో ఏడాది పిల్ల, చేతిలో చక్రాల పెట్టె, మెట్లు ఎత్తు. నా చేతులు వాటంతటవే చాచుకున్నాయి. "ఇలా ఇవ్వమ్మా పాపని" అన్నాను. ఆ అమ్మాయి అరడుగు వెనక్కి వేసి, పిల్లని దగ్గరికి హత్తుకుని, మర్యాదగానే, "పర్లేదండీ" అంది. పెట్టె అక్కడే వదిలేసి ముందు పిల్లతో ఎక్కింది. పెట్టె నేనందించాను. ఆ అమ్మాయి తప్పేముంది? రోజూ పేపర్లో చదివేవి చదివాక ఏ తల్లి ఇస్తుంది? నా కోడలూ ఇవ్వదు, ఇవ్వొద్దనే నేనూ చెబుతాను. అదే నాకు కష్టంగా ఉంటుంది.

తిరుగు ప్రయాణం జూన్‌లో, బళ్లు తెరిచేముందు. అప్పటికి కాలువలకి నీళ్లు వదిలేవారు, ఓ వాన పడేది, అయినా ఎండ పోయేది కాదు. వెళ్లేటప్పుడు ఒక్క పెట్టె, వచ్చేటప్పుడు సామాను నా ఎత్తుండేది. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, ఆత్రేయపురం తాండ్ర, గోనెలో కొబ్బరికాయలు, ఓ పనసకాయ. పంటు మీదికి జాడీలు పిల్లలకన్నా జాగ్రత్తగా చేతులు మారేవి. "ఆవకాయండోయ్, ఆవకాయ" అని ఒకరికొకరు హెచ్చరించుకుంటూ అందించేవారు. ఎవరో ఒకరు మూతకి కట్టిన గుడ్డ దగ్గర వాసన చూసి, మా అమ్మ చేతిని మెచ్చుకునేవారు.

ఒక ఏడు కాకినాడలో దిగాక సామాను సరిచూసుకుంటుంటే మావాడి తలకి ఒక తువ్వాలు చుట్టి ఉంది. ఎర్రంచు నేత తువ్వాలు, మాది కాదు. ఎండ తగలకుండా పంటు మీద ఎవరో కట్టారు. మావాణ్ణి అడిగితే "తాతగారు" అన్నాడు. ఏ తాతగారో వాడికీ తెలీదు. ఉతికి, మడిచి దాచాను. మరుసటి వేసవికి పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుని తీసుకెళ్లి, యానాం రేవులో టీ కొట్టు ఆవిడకి చూపించి, ఇది ఎవరిదో తెలుసా అమ్మా, ఇచ్చేద్దామని తెచ్చాను అన్నాను. ఆవిడ ముంజ గిచ్చుతూ, తలెత్తి తువ్వాలుని కాకుండా మావాణ్ణి చూసింది.

"ఎవుర్దైతే ఏంటమ్మా, ఎండ మాడిపోతంది. ముందు పిల్లోడికి కట్టండి."